జాజ్ ఫెస్టివల్‌కు ఒక గది కావాలి

ఏటా జాజ్ ఫెస్టివల్ జరగని ఊళ్లో కూడా మనుషులు బతుకుతున్నారంటే నేను నమ్మను. తింటారు, పడుకుంటారు, లేస్తారు. అదీ ఒక బతుకేనా?

మా వీధి చివర కళామందిరం ఉంది. ఒకప్పుడు అందులో ఎవరికి తోచింది వాళ్లు ఆడేవారు, పాడేవారు. పిల్లలు నాటకం వేస్తే తల్లులు చూసేవారు. ఎంత దిక్కుమాలిన కాలం! అప్పుడు కొత్త మేనేజర్ వచ్చాడు. నిలబడి మాట్లాడుతున్నా పరుగెత్తుతున్నట్టే ఉంటాడు. మందిరానికి గుర్తింపు లేదన్నాడు. గుర్తింపు అంటే జాజ్ ఫెస్టివల్ అన్నాడు.

ఫెస్టివల్ ఎలా తయారవుతుందో మీకు తెలుసా? సంగీతకారులను పిలిస్తే చాలనుకున్నాను. పల్లెటూరి బడి చదువు నాది, అంతకు మించి తట్టలేదు. వాళ్లు చివర్లో వస్తారట! ముందు లోగో రావాలి. లోగో చూడటానికి కమిటీ. కమిటీ కూర్చోవడానికి సోఫాలు. సోఫాలు పెట్టడానికి గది. ఇవన్నీ కుదిరాక, తీరిక ఉంటే సంగీతం.

మొదటి ఏడు సాక్సోఫోన్ ఊదేవాడు వచ్చాడు, డ్రమ్ములు రాలేదు. మేనేజర్ మైకు అందుకున్నాడు. "జాజ్ అంటేనే అప్పటికప్పుడు అల్లుకునేదండీ!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడు మధ్యలో కరెంటు పోయింది. అదీ జాజే. ఆ పై ఏడు ఒకే సీటును ఇద్దరికి అమ్మారు. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లతో తాళం వేశారు.

ఇంతటి సుఖం ఇంకెక్కడ దొరుకుతుంది? తప్పు అనే మాటే ఊళ్లోంచి లేచిపోయింది! సోమవారం వస్తానన్న ప్లంబర్ శుక్రవారం వచ్చి, "జాజ్, బాబాయ్!" అన్నాడు. పళ్ల డాక్టరు నాకు నొప్పిగా ఉన్న పన్ను వదిలి పక్క పన్ను పీకాడు. ఆయనా ఫెస్టివల్‌కు వెళ్లొచ్చినవాడే. నేను మాత్రం వెనకబడ్డానా? మా ఆవిడ పోయినప్పటి నుంచి నా వంట మొత్తం జాజే. అన్నం అడుగంటుతుంది, పప్పు ఉడకదు, రెండూ కలిపి తింటాను.

గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల బాధ ఏమిటంటే, మందిరం వెనక ఒక చిన్న గది ఉండేది. బుధవారం సాయంత్రాలు మా వీధి ఆడవాళ్లు అందులో చేరి పాడుకునేవారు. దర్జీ అక్క, రిటైరైన నర్సమ్మ, కిరాణా కొట్టు పిన్ని, మా ఆవిడ. మా ఆవిడకు ఓపిక తక్కువ. అందరికంటే ముందే పాట ఎత్తుకునేది. "ఆగు వదినా! ఏం బండి తప్పిపోతోందని?" అని నర్సమ్మ అరిచేది. ఆవిడ ఆగేది కాదు. మిగతావాళ్లు పరుగున వెళ్లి పాటను అందుకునేవారు.

ఆవిడ పోయాక ఎత్తుకునేవాళ్లు లేక బుధవారాలు కబుర్లే మిగిలాయి. అయినా నేను ఆ గదికి వెళ్లి ఆవిడ కుర్చీలో కూర్చునేవాణ్ని. పాట కోసం కాదు. మా ఇంట్లో ఫ్యాను సరిగా తిరగదు.

సోఫాలు వెళ్లింది ఆ గదికే. ఫెస్టివల్ మూడు రోజులు, గదికి తాళం ఏడాదంతా. అడగడానికి వెళ్తే మేనేజర్ నవ్వాడు. "మీ పాటలకు గది ఎందుకండీ? ఎక్కడైనా పాడుకోవచ్చు కదా!"

సబబైన మాట! దర్జీ అక్క ఆ మాటను కత్తిరింపు లేకుండా పట్టుకుంది. ఈ ఏడు సరిగ్గా ఫెస్టివల్ రోజునే అందరినీ మందిరం వెనక మెట్ల మీద కూర్చోబెట్టింది. నేనూ వెళ్లి పై మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఇంటర్వెల్ అయింది. జనం కాఫీ కప్పులతో బయటికి వచ్చారు. నర్సమ్మ చెయ్యి ఎత్తింది.

ఎవరూ పాడలేదు. ముందు ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, తాము పరుగెత్తి అందుకోవాలి. ఇన్నేళ్ల అలవాటు అది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ నా మొహం చూశారు.

"అట్లా గుడ్లప్పగించి చూసే బదులు ఎత్తుకోరాదా అన్నయ్యా?" అంది నర్సమ్మ.

"నాకు పాట రాదమ్మా."

"వదినకు మాత్రం వచ్చా ఏమిటి?"

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఎత్తుకున్నాను. తుప్పుపట్టిన గేటు తీసినట్టు వచ్చింది గొంతు. ఆడవాళ్లు పకపకా నవ్వారు. నవ్వుతూనే పరుగెత్తుకొచ్చి అందుకున్నారు. పాట నడిచింది. కాఫీ తాగేవాళ్లు తాగడం మానేశారు. అయిపోయాక ఒకటే చప్పట్లు!

మేనేజర్ ఉరుక్కుంటూ వచ్చాడు. "ఇదండీ జాజ్ అంటే! ఆ మొదటి గొంతు చూశారా, ఎంత ధైర్యంగా తప్పిందో!" వచ్చే ఏడు 'మెట్ల వేదిక' పెడతాడట. దానికి టికెట్ ఉంటుందట. ముఖ్య కళాకారుణ్ని నేనట!

కొందరు నన్ను నిలదీశారు. మీ గది లాక్కున్నవాడి కింద పాడతారా అని. క్షమించానని అనుకోకండి. నేను పళ్ల డాక్టరునే క్షమించలేదు. మేనేజర్‌ను ఒక్కటే అడిగాను.

"కళాకారులకు ప్రాక్టీసు చేసుకోవడానికి గది ఇస్తారా?"

"తప్పకుండా సార్! అది మా రూలు."

"అయితే ఆ సోఫాలు తీయించు నాయనా."

తల గోక్కున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పటికప్పుడు అల్లుకోవడానికి ఏమీ దొరకలేదు పాపం! సోఫాలు వరండాలోకి వెళ్లాయి.

కాబట్టి నా మాట వినండి. మీ ఊళ్లో జాజ్ ఫెస్టివల్ లేకపోతే వెంటనే పెట్టించండి. నలుగురు ఆడవాళ్లు కూర్చుని పాడుకుంటామంటే ఈ మందిరాల్లో ఎవరూ తలుపు తీయరు. అదే పాటకు ఫెస్టివల్ అని పేరు పెట్టండి, తాళంచెవి తెచ్చి చేతిలో పెడతారు. నాది నా జేబులోనే ఉంది.

ప్రతి బుధవారం రిహార్సల్. ఆవిడ కుర్చీలోనే కూర్చుంటున్నాను. ఆ గదిలో ఫ్యానే లేదని మొన్న గమనించాను.

"ఆగన్నయ్యా! ఏం బండి తప్పిపోతోందని?" అని నర్సమ్మ అరుస్తూనే ఉంది.

నేను ఆగడం లేదు.