దొరగారి ఇరవై ఏళ్లు

"బ్రిటిష్ సైన్యపు మేజర్ జనరల్ విట్‌ఫీల్డ్ దొరగారి మహోజ్జ్వల జీవితాన్ని రాయగడ ప్రజలకు అంకితం చేస్తున్నాం" అని 1972 చలికాలంలో మంత్రిగారు ప్రకటించారు. దొరగారి కూతురు ఇంగ్లండు నుంచి వస్తున్నట్టు ఆయనకు ఉత్తరం అందింది.

అంతవరకు ఆ జీవితం చాకలి అప్పమ్మ పెరట్లో సబ్బు నురగ కింద ఉంది. రిటైరయ్యాక దొర ఇక్కడే కట్టుకున్న బంగళా ఇరవై ఏళ్ల కిందట కూలినప్పుడు, ఆయన సర్వీసంతా ఇంగ్లీషులో చెక్కిన రాతిపలకను మొగుడు సన్యాసయ్య బండి మీద తెచ్చి పెరట్లో వేశాడు. ఆసుపత్రి దుప్పట్లు దాని మీదే తెల్లబడేవి. అప్పమ్మ పొయ్యి దానివల్లే వెలిగేది.

ఆ పలక కోసం పార్టీ కార్యకర్త ఢిల్లీశ్వరరావు జీపులో దిగాడు. వెంట, ఇంగ్లీషు చదవడానికి జీవరాజు మాస్టారు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని చదివారు.

"సైన్యంలో చేరింది ఉంది. రిటైరైంది ఉంది. మధ్యలో ఇరవై ఏళ్లు లేవండీ."

"ఏటయ్యేయి?"

"దుప్పట్లుతికేను బాబూ" అప్పమ్మ తప్పొప్పుకుంది. "నడిమినే గదా దెబ్బ పడేది."

ఢిల్లీశ్వరరావు సమస్యలకు బెదిరే మనిషి కాదు. "బర్మాలో శత్రువుని తరిమేడని రాయండి."

"ఏ శత్రువునండీ?"

"పారిపోయినోడు పేరు సెప్పి పోతాడేటి మాస్టారూ?"

అలా మాస్టారి కాగితం మీద దొరగారికి మూడు యుద్ధాలు, రెండు పతకాలు, ఒక పులి దక్కాయి. రాతిని జీపెక్కిస్తుంటే అప్పమ్మ అడ్డుపడింది.

"మరి నా ఉతికే బండో? సోమారానికి దుప్పట్లియ్యకపోతే ఆసుపత్రోళ్లు ఇంకోళ్లకిచ్చేత్తారు."

"మంత్రిగారు కొత్తదిస్తారులే అప్పమ్మా. ఆయన మాట శిలాశాసనం."

కూతురు రాలేదు. ఒంట్లో బాగోలేదని తంతి ఇచ్చింది. మంత్రిగారు రాతికే దండ వేసి, నలభై నిమిషాలు మాట్లాడి, కళ్లు తుడుచుకున్నారు. దొరలను వెళ్లగొట్టడానికి తాను జైలుకెళ్లిన సంగతీ అదే ఊపులో చెప్పారు.

అప్పమ్మ ఆదివారం దాకా చూసింది. బండ రాలేదు. అప్పుడు ఆసుపత్రి వెనక తుప్పల్లో ఒక రాయి గుర్తొచ్చింది. ఇప్పటికీ కట్టని ప్రసూతి వార్డుకు మూడేళ్ల కిందట మంత్రిగారు వేసిన శంకుస్థాపన రాయి.

సోమవారం దుప్పట్లు తెల్లగా అందాయి.

వారం తరవాత అటుగా పోతూ ఢిల్లీశ్వరరావు ఆగిపోయాడు. నురగ కింద మంత్రిగారి పేరు, బిరుదులు, ఏలిన శాఖలు వరసగా మెరుస్తున్నాయి.

"ఓలమ్మో! పేరు పైకెట్టేవేటి అప్పమ్మా?"

"గరుకుంటే మురికి బాగా పోతాది బాబూ." అప్పమ్మ దుప్పటి ఎత్తి కొట్టింది. "దొరగారు ఇరవయ్యేళ్లు ఆగేరు. ఈయన ఎన్నాళ్లాగుతారో సూడాల."