పక్షం మార్చే గది

ఆ ఉదయం పెద్ద మాస్టారు కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని వేసుకున్న పథకం, పసిపిల్లవాడు సైతం వేయగలిగినంత సులువైనది. భార్యనూ బావమరిదినీ ఒక గదిలో కూర్చోబెట్టడం; మధ్యాహ్నం లోపల ఇద్దరి నోటా ఒక్క మాట పలికించడం; తనిఖీ అధికారి రాగానే ఆ మాట ఆయనకు అప్పగించి సాగనంపడం. అంతే. లోకంలోని మహోపద్రవాలన్నీ ఇటువంటి 'అంతే' నుంచే పుట్టాయని ఆయన చదివిన పురాణాలన్నీ ఘోషిస్తున్నా, ఆ క్షణాన ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆ బడికి ముగ్గురే పెద్దలు. పెద్ద మాస్టారు భాష చెబుతారు. ఆయన భార్య సైన్సు టీచరమ్మ. ఆమె తమ్ముడు లెక్కల మాస్టారు. ఇరవై ఏళ్ళుగా అక్కడ గంట మోగలేదు, మార్కులు వేయలేదు, బెత్తం మొహం ఎవరూ చూడలేదు. బడులన్నీ ఇలాగే ఉండాలని వచ్చిన ప్రతి ప్రభుత్వానికీ ముగ్గురూ మొరపెట్టుకున్నారు. ఒక్కటీ చెవిన పెట్టలేదు. అందువల్ల ఆ ఇంట్లో పరిపూర్ణమైన ఏకాభిప్రాయం వర్ధిల్లింది.

ఇప్పుడు కొత్త ప్రభుత్వం వచ్చింది. వస్తూనే, ఇకపై ఏ బడిలోనూ గంట మోగరాదనీ, మార్కులు వేయరాదనీ, పిల్లలు ఆనందంగా ఉండి తీరాలనీ విధానం ప్రకటించింది. కోరిన వరం కోరినట్టే దక్కేసరికి ఆ ఇంట్లో కుంపటి రాజుకుంది.

"మనం అడిగిందే కదరా ఇచ్చారు. పుచ్చుకోవడానికి నీకేం నొప్పి?" అంది అక్క.

"ఇవ్వలేదక్కా, ఆజ్ఞాపించారు. పిల్లల ఆనందాన్ని రోజూ సాయంత్రం ఫొటో తీసి పంపాలట. ఏడ్చేవాడు కనబడితే ఏం చేయను, చక్కిలిగింతలు పెట్టనా?"

"నీ పెళ్ళిలోనూ ఇదే తంతు. కుదిరేదాకా ఆ పిల్లే కావాలన్నావు. కుదిరాక, ఇంత తొందరగా ఎందుకొప్పుకుందని అలిగావు."

"చూశావా బావా, మాట్లాడితే నా పెళ్ళిలోకి దూకుతుంది."

బావ గుండెలో వేరే రాయి ఉంది. తమ సొంత పద్ధతిలో నడిచే బడులు కొత్త విధానంలో చేరతాయో చేరవో ఆ మధ్యాహ్నంలోగా తేల్చి చెప్పాలి. చేరతామన్నా సరే, చేరబోమని కారణాలు చెప్పినా సరే, బడి అంతా ఒక్క మాటగా చెప్పాలి. చెప్పలేని బడిని గోడ అవతలి పెద్ద బడిలో కలిపేస్తారు. అప్పుడు ఈ మూడు గదులకు తాళం పడుతుంది.

పెద్ద మాస్టారి ధైర్యమంతా ఆ బడి నియమం ఒకదాని మీద. ఆయనే కనిపెట్టి 'పక్ష వినిమయం' అని బారసాల చేశారు. పిల్లలు దాన్ని 'మార్పిడి' అని పిలుచుకున్నారు. ఇద్దరు తగవు పడితే పుస్తకాల గదిలో కూర్చోవాలి. ఎవరి పక్షం వారు మాట్లాడకూడదు. ఎదుటివాడి పక్షం మాట్లాడాలి. విన్నవాడు "ఔను, నా మాట అదే" అనేదాకా గది విడిచి వెళ్ళకూడదు, అన్నం తినకూడదు. గదిలోకి ఎవరు వచ్చినా నియమానికి లోబడాల్సిందే. పెన్సిలు కోసం కొట్టుకున్న పిల్లలు ఈ నియమం పుణ్యాన కాసేపటికే పెన్సిలు మరచి భోజనానికి పరుగెత్తేవారు. పెద్దల మీద దాన్ని ప్రయోగించడం అదే మొదలు.

పుస్తకాల గదిలో ఉన్నవి పిల్లల పీటలు. వాటిమీద కూర్చుంటే పెద్దవారి మోకాళ్ళు గడ్డాలను పలకరిస్తాయి. ఆ భంగిమలోనే లెక్కల మాస్టారు గొంతు సవరించుకొని, తనకు గిట్టని విధానం తరఫున మొదలుపెట్టాడు. మొదట వెటకారంగానే మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి వెటకారం జారిపోయింది.

"మన దగ్గరున్నది గుప్పెడు మంది. ఆ గోడ అవతల ఉన్నవాళ్ళు ఎవరి పిల్లలు? గంట మోగితే ఉలిక్కిపడే ఆ పిల్లలకి, మా మనసులు కడిగిన ముత్యాలయ్యేదాకా ఆగండర్రా అని చెబుదామా? ఫొటో అడిగితే అడగనీ. ఫొటో కోసమైనా ఒక మాస్టారు పిల్లవాడి మొహంలోకి చూస్తాడు కదా."

పెద్ద మాస్టారి ఒళ్ళు గగుర్పొడిచింది. లెక్క తప్ప మాట రాదనుకున్న బావమరిది నోట ఇంత కరుణ ఎక్కడ దాగిందో ఆయనకు అంతుపట్టలేదు.

ఇక అక్క వంతు. తాను మెచ్చిన విధానాన్ని ఆమె ఖండించాలి.

"విత్తనం చీకట్లో మొలుస్తుందిరా. మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూస్తే చస్తుంది. ఇన్నేళ్ళలో మనం ఒక్క పిల్లకైనా ఆనందంగా ఉండమని చెప్పామా? చెప్పలేదు కాబట్టే ఉన్నారు. నవ్వమని హుకుం జారీ చేస్తే పళ్ళు కనబడతాయి, నవ్వు కనబడదు."

పెద్ద మాస్టారు చేతులు జోడించబోయి, ఎదుట ఉన్నది తన భార్యే అని గుర్తొచ్చి ఆగారు. కార్యం ఫలించిందన్న ఆనందంతో ఆమె వైపు తిరిగారు.

"నీ తమ్ముడు నీ పక్షం చక్కగా చెప్పాడు. నీ మాట అదే కదూ?"

"నా మాటెలా అవుతుందండీ? ఫొటో కోసం చూసేది చూపా?"

ఆయన తెల్లబోయి బావమరిదిని చూశారు. "పోనీ, అక్క చెప్పింది నీ మాటే కదా?"

"అది పొద్దుటి మాట బావా. గోడ అవతల పిల్లలు బిక్కచచ్చిపోతుంటే, కూర్చుని విత్తనాల కబుర్లు చెప్పుకుంటామా?"

ఎదుటి పక్షం చెప్పబోయి ఇద్దరూ నిజంగానే ఎదుటి పక్షంలో తేలారు. సంతకం పెట్టవలసిన యజమాని ఇల్లు ఖాళీ చేసి పోయినట్టయింది. పెద్ద మాస్టారు మళ్ళీ మార్పిడి చేయించారు. అక్కాతమ్ముళ్ళు మొదటిసారికన్నా గొప్పగా మాట్లాడారు. అంతే గొప్పగా మళ్ళీ అటువారు ఇటూ ఇటువారు అటూ అయ్యారు. ఓడ రేవు చేరేసరికి రేవు మారిపోతోంది.

ఈలోగా పిల్లలంతా ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళ మార్పిడి చూడటం వారికి మహాద్భుతంగా ఉంది. తగవులన్నిటిలోనూ నియమాలు గుర్తుచేసే ఒక పిల్లను తోటివాళ్ళు 'ప్లీడరు' అంటారు. ఆ పిల్ల వాకిట్లో కాపలా నిలబడింది.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి ఊడిపడ్డాడు. చేతిలోని ఫోను బడి నలువైపులా తిప్పుతూ, "మేడమ్, ఇదేనండి ఆ బడి" అంటున్నాడు. రాజధానిలో ఉన్న విద్యాశాఖ డైరెక్టరమ్మ ఫోనులో చూస్తున్నదట. గడప దాటేసరికి బొమ్మ ఆగిపోయింది. "లైను తెగినట్టుంది" అని ఆయన ఫోను బల్లమీద బోర్లా పెట్టాడు.

"మాస్టారూ, నాకింకా రెండు బడులున్నాయి. మీ మాటేదో చెప్పేస్తే వెళ్తాను."

"లోపలికొచ్చారు కాబట్టి కూర్చోవాలండి," అంది ప్లీడరు. "మీది ఏ పక్షమండి?"

"ప్రభుత్వ పక్షమమ్మా."

"అయితే మీరు ప్రభుత్వానికి ఎదురు మాట్లాడాలండి. అప్పటిదాకా వెళ్ళకూడదండి. అన్నం కూడా లేదండి."

అధికారి నవ్వుతూ చుట్టూ చూశాడు. మరెవరూ నవ్వడం లేదు. దిక్కుతోచక పీటమీద చతికిలబడి, "ఏముందీ, ఈ విధానంలో చిన్న చిన్న ఇబ్బందులు..." అని నీళ్ళు నమిలాడు.

"అలా కాదండి. నిజంగా చెప్పాలండి."

ఆ మాట ఏ తాళానికి చెవి అయిందో ఏమో. అధికారి నిజంగానే మాట్లాడాడు. పాత ప్రభుత్వంలో గంటలు సరిగా మోగుతున్నాయా అని తానే తిరిగాడట. ఇప్పుడు గంటలు మోగకుండా ఉన్నాయా అని తానే తిరుగుతున్నాడట. రెండుసార్లూ మాస్టార్లు ఒకేలా లేచి నిలబడ్డారు, ఒకేలా వణికారు.

"ఒక బడిలో ఒక పిల్ల ఒంటరిగా ఏదో బొమ్మ గీసుకుంటోంది. నన్ను చూడగానే వాళ్ళ టీచరు పరుగెత్తుకొచ్చి, నవ్వు నవ్వు అంది. ఆ పిల్ల బొమ్మ పక్కన పెట్టి నవ్వింది. ఫొటో పంపించాను. బాగుందన్నారు. ఆ బొమ్మేంటో నేను అడగలేదు. ఏ ప్రభుత్వమైనా నన్ను పంపిస్తుంది కానీ, అడిగి రమ్మని పంపదు."

పెద్ద మాస్టారికి కళ్ళు చెమర్చాయి. తాను ఇంట దీపం పెట్టుకుందామని గీసిన అగ్గిపుల్ల, చూస్తుండగా సూర్యబింబమై ఎదుట నిలిచినట్టు తోచింది. పెన్సిళ్ళ తగవులు తీర్చే నియమానికి ఇంతటి విశ్వరూపం ఉందని కనిపెట్టిన తనకే తెలియదు. అక్కాతమ్ముళ్ళు సైతం తమ పక్షాలు మరచి వింటున్నారు.

"ఇప్పుడు ఆ పక్షంవాళ్ళు ఒప్పుకోవాలండి," అంది ప్లీడరు. "ఎవరండి ఆ పక్షం?"

అదే చిక్కు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రస్తుతం తామెటువైపు ఉన్నారో ఇద్దరికీ తెలియదు. గోడ అవతల భోజనాల సందడి మొదలైంది. గడువు దాటిపోతోంది. పెద్ద మాస్టారు మూడు గదుల తాళంచెవులను మనసులోనే అప్పగించేశారు.

అప్పుడు బల్లమీది నుంచి ఒక స్త్రీ కంఠం వినిపించింది. బోర్లా ఉన్నందువల్ల అది భూగర్భం నుంచి వచ్చినట్టుంది.

"ఔను. నా మాట అదే."

అధికారి మొహంలో నెత్తురు చుక్క లేదు. లైను తెగలేదు, బొమ్మ మాత్రమే పోయింది. ఆయన గబుక్కున ఫోను వెల్లకిలా తిప్పాడు.

"మేడమ్, ఇది వీళ్ళ నియమమండీ, నేను నిజానికి..."

"నియమం ప్రకారమే ఒప్పుకున్నానయ్యా. ఆ విధానం రాసిన గదిలో ఈ మాటే నా నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఏమ్మా, ఇక నేను లేవొచ్చా?"

"లేవొచ్చండి," అంది ప్లీడరు. "అన్నం తినొచ్చండి."

డైరెక్టరమ్మ నవ్వింది. ఆ బడిని దేనిలోనూ కలపవద్దంది. ఎదుటి పక్షం మాట ఇలా నిజంగా పలికించే చోటు ఒక్కటైనా మిగలాలంది. లైను ఈసారి నిజంగానే తెగింది. అధికారి వెళ్ళబోతూ గడపలో ఆగి ప్లీడరును, "నువ్వు బొమ్మలు వేస్తావామ్మా? ఏం వేస్తావు?" అని అడిగాడు. ఆ జవాబుకు చాలాసేపు పట్టింది. మిగతా రెండు బడులూ ఆ పూట తనిఖీ తప్పించుకున్నాయి.

ఆ నెలాఖరుకు కొత్త ఉత్తర్వు వచ్చింది: ఇకపై ప్రతి బడిలోనూ, ప్రతి కార్యాలయంలోనూ పక్ష వినిమయం తప్పనిసరిగా జరగాలి; జరిగినట్టు సాయంత్రానికి ఫొటో పంపాలి. ఆ ఉత్తర్వు మంచిదా కాదా అని తేల్చుకోవడానికి అక్కాతమ్ముళ్ళు పొద్దున పుస్తకాల గదిలోకి వెళ్ళారు. పెద్ద మాస్టారు ఒక్కరే భోంచేశారు.