వెయ్యో వేలు

వార్షికోత్సవం ఇంకా తొమ్మిది రోజులుందనగా చేతి శస్త్రచికిత్సా కేంద్రంలో తీవ్రమైన వేళ్ల కొరత ఏర్పడింది.

కేంద్రం ముందు హాల్లో గాజుపలక వెనకాల ఒక బోర్డుంది. తెగి వచ్చి, తిరిగి అతుక్కున్న వేళ్లు మొత్తం ఎన్నయ్యాయో అది చూపిస్తుంది. పదిహేడు రోజులుగా తొమ్మిది వందల తొంభై తొమ్మిది దగ్గర మొండికేసి కూర్చుంది. 'సహస్రాంగుళి మహోత్సవం' అని ఆహ్వానాలు అచ్చయిపోయాయి. పూలకు బయానా ఇచ్చేశారు. వేలు మాత్రం రాలేదు. పెద్ద డాక్టరుగారు రోజుకు నాలుగుసార్లు వరండాలోకి వచ్చి, రోడ్డు అవతలికి చూసి, నిట్టూర్చి లోపలికి వెళ్తున్నారు.

రోడ్డు అవతల డబ్బా మూతల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ, ఆసుపత్రి ఒకే యజమానివి. అక్కడ తెగింది ఇక్కడ అతుకుతుంది. ఆయన చేతికి ఎముక లేదని ఊరంతా చెప్పుకునేది ఊరికే కాదు.

మూతలు కొట్టే ప్రెస్సుకు రెండు మీటలుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే అచ్చు దిగుతుంది. చేతులు రెండూ మీటల మీదుంటే అచ్చు కింద వేలుండే అవకాశం లేదు. ఆ యంత్రాన్ని తయారుచేసినవాడు పిరికివాడు. మనవాళ్లు ధైర్యవంతులు కనక ఎడమ మీట ఎప్పుడూ నొక్కుకునే ఉండేలా దాని సందులో ఒక చెక్క చీల బిగించారు. ఇక కుడిచేత్తో నొక్కుతూ, ఎడమచేత్తో రేకు తోస్తూ పోవచ్చు. గంటకు రెండొందల మూతలు ఎక్కువ. కార్మికుల క్షేమం కూడా మరిచిపోలేదు. ప్రతి ప్రెస్సు పక్కనా ఒక మంచుపెట్టె బిగించారు. మండువేసవిలో మనుషులకు చల్లటి నీళ్లు లేకపోయినా, వేళ్లకు మంచు ఏ రోజూ తక్కువ కాలేదు.

ఇంత చక్కటి వ్యవస్థకు గండికొట్టింది కేంద్రంలోనే పనిచేసే ఒకావిడ. రోగులు ఆవిడను వ్యాయామం మేడమ్ అంటారు. వరండా చివర, మందుల అట్టపెట్టెల గది పక్కన ఆవిడ గది. అతికించిన వేళ్లకు ఊతపట్టీలు చేయడం, మైనపు కాపడం పెట్టడం, పళ్లెంలో బొత్తాలు పోసి ఒక్కొక్కటే ఏరించడం ఆవిడ పని. వేలు అతకడానికి ఆరు గంటలు పడుతుంది, దానికి ఫొటోలు తీస్తారు. వేలు వంగడానికి ఆరు నెలలు పడుతుంది, దానికి ఎవరూ ఫొటో తీయరు.

బొత్తాలు ఏరిస్తూ ఏరిస్తూ ఆవిడొక సంగతి గమనించింది. అందరిదీ ఎడమచెయ్యే.

"ఆ చీల ఎవరు పెట్టారు బాబూ?"

"ఎవరూ పెట్టలేదమ్మా, నేను చేరేసరికే ఉంది."

నలభై మందిని అడిగితే నలభై మందీ ఇదే మాట. అంటే చీల స్వయంభువు.

నాలుగో ప్రెస్సు మీద ఆవిడ సొంత అన్నయ్య పనిచేస్తున్నాడు. తండ్రి పోయాక ఆవిణ్ణి చదివించింది ఆ చేతులే. ఆ చేతుల్లో ఒకటి ఏదో ఒకనాడు తడిగుడ్డలో వేలుతో సహా తన ముందుకొస్తుందని తలుచుకుంటేనే ఆవిడకు అన్నం దిగేది కాదు. ఒకరోజు వెళ్లి కూర్చుని, "అతికిన వేలు పాత వేలు కాదన్నయ్యా. నేను రోజూ చూస్తున్నాను. నామీద ఒట్టేసి ఆ చీల తీసెయ్," అంది. అతను తీసేశాడు. అతన్ని చూసి పక్కవాడూ, వాణ్ణి చూసి ఆ పక్కవాడూ తీసేశారు. మూతలు తగ్గాయి, వేళ్లు ఆగిపోయాయి.

మేడమ్‌కు మెమో వచ్చింది. నేరం: 'రోగుల రాకకు ఆటంకం కలిగించుట.'

పెద్ద డాక్టరుగారు సిబ్బందినందరినీ సమావేశపరిచి గద్గద స్వరంతో ప్రసంగించారు. "ఈ కేంద్రం మనకు తల్లి. పేదవాడి చెయ్యి వదలనని ప్రమాణం చేసిన తల్లి. అలాంటి తల్లి ఒడిని ఖాళీ చెయ్యడం ధర్మమా? మేడమ్‌గారూ, మనం వైద్యులం. గాయానికి వైద్యం చేద్దాం. గాయం కాకుండా చూడటం మన విభాగం కాదు!" చప్పట్లు మోగాయి. మేడమ్ తల దించుకుంది. సిగ్గుపడిందని అందరూ అనుకున్నారు.

మర్నాడు ఫ్యాక్టరీ గేటుకు ప్రకటన అంటించారు. వెయ్యో వేలు తాలూకు మనిషికి వేదిక మీద యజమానిగారి పక్కన కుర్చీ, హాల్లో నిలువెత్తు ఫొటో, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం. అది చదివాక టీ విరామంలో కార్మికులు ఎవరి చేతులు వాళ్లు తిప్పి తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. రెండో ప్రెస్సుకు చీల తిరిగొచ్చిందని తెలిసి నాలుగో ప్రెస్సువాళ్లకు ఉడుకుమోత్తనం వచ్చింది.

ఆ సాయంత్రం మేడమ్ అన్నగారింటికి పరిగెత్తింది.

"ఎలాగూ ఎవరికో ఒకరికి వస్తుంది కదా. అదేదో మనకే వస్తే ఏం పోయింది?" అంది వదిన, బట్టలు మడతపెడుతూ.

"వేలు పోతుంది వదినా!"

"అతికిస్తారుగా. నువ్వు లేవూ వంచడానికి?"

అన్నయ్య నేలచూపులు చూశాడు. "నేనేం కావాలని పెట్టుకుంటానా చెల్లాయ్? చీల లేకపోతే పని సాగట్లేదని సూపర్‌వైజరు రోజూ తిడుతున్నాడు. ఆపైన రాసిపెట్టి ఉంటే అవుతుంది, లేకపోతే లేదు."

రాసిపెట్టే ఉంది. ఉత్సవానికి ముందురోజు ఉదయం పదకొండున్నరకు అతను రోడ్డు దాటి నడిచొచ్చాడు. వెనక మంచుపెట్టె పట్టుకుని ఇద్దరు, వాళ్ల వెనక పాతికమంది. వాచ్‌మన్ సెల్యూట్ చేశాడు. కౌంటర్లో అమ్మాయి ఆశగా, "ఒకటేనాండీ?" అని అడిగింది. మేడమ్ వరండా చివరి నుంచి చూసి, ఎదురెళ్లి అన్నయ్య కుడిచెయ్యి పట్టుకుంది.

ఏడు గంటలు ఆపరేషన్ జరిగింది. డాక్టర్లు చెయ్యి తిరిగినవాళ్లు, అందులో వంక పెట్టడానికి లేదు. వెంట్రుక కన్నా సన్నటి దారంతో రక్తనాళాలు కుట్టారు. తెల్లబడిన వేలు గులాబీరంగుకు తిరగ్గానే బోర్డు మీద అంకె మారింది.

ఉత్సవంలో యజమానిగారు మాట్లాడుతూ, ఇలాంటి త్యాగధనులున్నంతకాలం ఈ కేంద్రానికి లోటు లేదన్నారు. మొదటి మూడు వరసల్లో పాత రోగుల్ని కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. వాళ్లు శాయశక్తులా కొట్టారు గానీ చప్పుడు సరిగా రాలేదు. మైకులో లోపమని సరిపెట్టుకున్నారు.

ఆరు నెలలు దాటినా ఆ వేలు వంగలేదు. అన్నయ్య రోజూ వచ్చి పళ్లెం ముందు కూర్చుంటాడు. బొత్తాం దొరకదు. మేడమ్ ఆ వేలిని మైనంలో ముంచి, తుడిచి, మెల్లగా వంచబోయి, అతను పళ్లు బిగబట్టగానే వదిలేస్తుంది. ఆపరేషన్ సంపూర్ణ విజయమనీ, వంగకపోవడం వ్యాయామ విభాగపు అలసత్వమనీ ఆవిడకు రెండో మెమో వచ్చింది.

మాట ప్రకారం ఉద్యోగం వదినకిచ్చారు. నాలుగో ప్రెస్సు ఖాళీగానే ఉంది కదా. కొత్తగా చేరేవాళ్ల వేళ్ల కొలతలు ముందే తీసుకుంటే అవసరమైనప్పుడు ఊతపట్టీలు ఆలస్యం కాకుండా అందుతాయని కేంద్రం ఒక ముందుజాగ్రత్త పథకం పెట్టింది. ఆ కొలతలు తీయించుకోవడానికి వదిన కొత్త యూనిఫాం వేసుకుని మేడమ్ గదికొచ్చింది.

మేడమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లనీళ్లు ఆగలేదు. "వదినా, నీకు దణ్ణం పెడతాను. రెండు చేతులూ రెండు మీటల మీదే ఉంచు. ఆ చీల ముట్టుకోకు."

వదిన మొహం గంటు పెట్టుకుని చేతులు లాగేసుకుంది. "మీ అన్నయ్య ఫొటో పక్కన నా ఫొటో పడితే నీకేంటమ్మా బాధ? ఎవరైనా బాగుపడితే చూడలేవు కదా!"

కొలత కాగితం లేకపోతే పనిలోకి రానివ్వరు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మేడమే. వదిన చివరికి ఎడమచెయ్యి ఒక్కటీ బల్ల మీద చాపింది.

"ఇది చాలుగా?" అంది.