బ్యాటరీ పెట్టెలో ఇనుము

ఆ ఉదయం జహీరున్నీసా పెట్టుకున్న పని ఒక్కటే. కొడుకు షానవాజ్‌కు అన్నం క్యారేజీ ఇచ్చే వంకతో వెళ్ళి, వాడి బండికి పెడుతున్న కొత్త బ్యాటరీని కళ్ళారా చూసి రావడం. గుంటూరు శివార్లలో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో వాడు ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నిన్నమొన్నటిదాకా మిర్చి టిక్కీలను భుజాన మోసినవాడు, ఇప్పుడు అవే మూటలను సీట్లో కూర్చుని ఎత్తుతున్నాడు. ఆ సీటు పోతే మళ్ళీ భుజమే గతి.

"లిథియం అంటే ఫోన్లలో పేలేదే కదరా?" అని పొద్దున్నే అడిగింది.

"పేలదమ్మా. పాత సీసం బ్యాటరీ చచ్చింది, దాని బదులు ఇది. చార్జింగు గంటలో ఎక్కుద్ది."

"గంటలోనే? అంత తొందర దేనికంట దానికి?"

షానవాజ్ టైమైందంటూ వెళ్ళిపోయాడు. ఆమె అనుమానం గట్టిపడింది.

ఆమె వెళ్ళేసరికి షెడ్డులో మెకానిక్ ప్రభు పాత బ్యాటరీని గొలుసులతో పైకి లాగి పక్కన పెట్టేశాడు. సీటు కింది పెట్టెలో కొత్తది ఒక మూలకు సరిపోయింది. మిగతాదంతా ఖాళీ. ప్రభు అటూ ఇటూ చూశాడు. ఆమెకు అవి దొంగచూపుల్లా తోచాయి. పాపం, అతను వెతికింది పానా కోసం. తర్వాత ఆ ఖాళీలో ఇనుప దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చసాగాడు.

జహీరున్నీసా మిర్చి యార్డులో తాలుకాయలు ఏరుతూ బతికిన మనిషి. పైన నిగనిగలాడే కాయ పోసి మూట కడుపులో తాలు దాచేవాళ్ళను, తూకం కోసం పత్తికి నీళ్ళు చల్లేవాళ్ళను ఎందరినో చూసింది. ఖాళీలో ఇనుము ఎందుకు పెడతారో ఆమెకు ఒకరు చెప్పాలా?

హమాలీల మేస్త్రీ మరియదాసును పక్కకు పిలిచింది. "అన్నా, బ్యాటరీ పిసరంత. మిగతాదంతా ఇనుమే. తూకానికి కలుపుతున్నాడు!"

"నీ కళ్ళతో చూశావా అక్కా?"

"కళ్ళతోనే. మావోడు కూర్చునేది ఆ పెట్టె మీదేనన్నా!"

మరియదాసు హమాలీలకు చెప్పేసరికి బ్యాటరీ సగం నకిలీ. లారీల దగ్గరికి చేరేసరికి అసలు బ్యాటరీయే లేదు. యజమాని గదికి చేరేసరికి మెకానిక్ పాత బ్యాటరీని కూడా అమ్ముకున్నాడు. పని ఆగిపోయింది. యజమాని పరుగున వచ్చాడు.

"ఏమయ్యా ప్రభూ, ఈ ఇనుమేంది?"

"బరువు కోసమండి."

"చూశారా! ఎంత ధైర్యంగా ఒప్పుకుంటున్నాడో!" అన్నాడు మరియదాసు.

"ఒప్పుకోవడం కాదండీ, పాత బ్యాటరీ బరువు వల్లే బండి..."

"ఆపు. ఇనుమంతా తీసెయ్. ఒట్టి బ్యాటరీతో నా ముందు ఎత్తించు," అన్నాడు యజమాని.

"వద్దండి, ముందుకు తూలుద్ది."

"తూలుద్దంట! ఏరా షానవాజ్, ఎత్తుతావా, ఆ సీటుకు ఇంకోణ్ణి చూసుకోమంటావా?"

షానవాజ్ సీటెక్కాడు. ఇనుము బయటికి పోయిందని జహీరున్నీసా గుండె కుదుటపడింది. వాడు లివర్ లాగాడు. టిక్కీల దొంతర జానెడు లేచింది. వెంటనే బండి వెనక చక్రాలూ లేచాయి. వాడు స్టీరింగు మీద వాలిపోయి బిగుసుకుపోయాడు.

"యా అల్లా! చూస్తారేందిరా, వెనక ఎక్కండి!"

అందరికన్నా ముందు ఆమే బండి తోకమీద పడింది. ఆ పైన మరియదాసు, హమాలీలు. అయినా చక్రాలు దిగలేదు. చివరకు యజమాని తన బొజ్జతో సహా ఎక్కాక నేలను తాకాయి.

"ఇప్పుడు మెల్లగా దించు, షానవాజ్," అన్నాడు ప్రభు. తర్వాత యజమాని వైపు తిరిగాడు. "సీసం బ్యాటరీ బరువే ఇన్నాళ్ళూ వెనక ఆపిందండి. కొత్తది తేలిక. మీరంతా రోజూ ఇట్టా ఎక్కి కూర్చుంటానంటే ఇనుము అక్కర్లేదు."

"పెట్టవయ్యా ఇనుము, పెట్టు," అన్నాడు యజమాని, బండి మీది నుంచే.

దిమ్మెలు మళ్ళీ పేర్చి బోల్టులు బిగించారు. షానవాజ్ అవే టిక్కీలను ఎత్తాడు. చక్రం కదల్లేదు.

"ఇంత జరిగినా సీటు వదల్లేదు. ఈ బండి వీడిదే," అన్నాడు యజమాని. జహీరున్నీసా మాత్రం బండి చుట్టూ తిరుగుతూనే ఉంది. "ఇంకా ఏం అనుమానమమ్మా?" అని ఆయనే అడిగాడు.

"ఇంత ఇనుము ఎక్కించారు గదా అయ్యా. కింద నేల గట్టిదేనా?"

యజమాని పెద్దగా నవ్వాడు. నవ్వి, ఎవరూ చూడకుండా మడమతో నేలను తట్టి చూశాడు.