తాపనితో ఉన్నవారు

సారిలంపి పట్టణ మండలి అధ్యక్షుడు తాపని హుక్కనెన్, ఇకమీదట తాను ఓటర్లకు కాఫీ పోయబోనని చారిత్రక ప్రకటన చేశాడు. ఎన్నికలొస్తే సంతలో గుడారం వేసి, వచ్చిన ప్రతివాడికీ కాఫీ, ఏలకుల బన్నూ ఇచ్చి, మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి మంచు ఎత్తని వీధుల దాకా అన్నీ వినడం ఫిన్లండ్‌లో ఏ పార్టీకైనా తప్పని తద్దినం. ఈసారి ఆ తద్దినం లేదనీ, ప్రచారమంతా వెబ్‌సైట్‌లోనే జరుగుతుందనీ ఆయన తేల్చి చెప్పాడు. ఆ సంగతి జనానికి తెలియాలి గనక స్థానిక పత్రికలో అరపేజీ ప్రకటన వేయించాడు.

పదహారేళ్లుగా ఆ కాఫీ పోస్తున్నది ఔలిస్. రిటైరైన భూగోళం మాస్టారు. భార్య పోయాక ఆయనకు వారంలో మిగిలిన పండగ గురువారం ఒక్కటే. ఆ రోజు గ్రంథాలయం బస్సు ఆయన ఇంటి మలుపు దగ్గర ఆగుతుంది. డ్రైవరు సిర్కా హీటరు కట్టేయకుండా, ఆయన కోసం తీసిపెట్టిన రెండు పుస్తకాలు ఒళ్లో పెట్టి, ఏమీ అడక్కుండా కూర్చోనిస్తుంది. ఆ ఏమీ అడక్కపోవడం ఆయనకు పుస్తకాల కన్నా ఇష్టం.

ఖర్చు తగ్గించుకోవడానికి ఆ బస్సును ఎత్తేయాలని మండలిలో సగం మంది పట్టుబట్టారు. అప్పుడే తాపని ఔలిస్ దగ్గరకొచ్చాడు.

"అభ్యర్థుల జాబితాలో ఒక పేరు తక్కువైంది. నీ పేరు పెడతాను, ఓట్లు మాత్రం నాకే అడుగు. బస్సు సంగతి నేను చూసుకుంటాను."

"నాకెవరైనా ఓటేస్తే?"

"నీకెవరేస్తారోయ్," అన్నాడు తాపని, ఎంతో ఆప్యాయంగా.

అలా తాపనికి 22, ఔలిస్‌కి 47 సంఖ్యలు వచ్చాయి. ఇక్కడి ఓటుచీటీ మీద పేర్లుండవు, గుర్తులుండవు. ఖాళీ వలయంలో నచ్చినవాడి సంఖ్యను చేత్తో రాయాలి. అంతే.

వెబ్‌సైట్ ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. లాప్‌టాప్‌కు నీలం రిబ్బను కట్టి, తాపని కత్తెరతో కత్తిరించాడు. హెల్సింకి నుంచి వచ్చిన డిజిటల్ సలహాదారు మిస్కా మీట నొక్కాడు. తెరపై, గడ్డకట్టిన చెరువు మీద తాపని నెమ్మదిగా, దూరంగా ఎటో చూస్తూ నడుస్తున్నాడు. ఎటు చూస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. దాన్నే దార్శనికత అంటారని మిస్కా చెప్పాడు.

"సంఖ్య ఎక్కడా కనపడదేం?" అన్నాడు ఔలిస్.

"సంఖ్యలు పాతకాలం మాస్టారూ. జనం ఓటేసేది మనిషికి."

"చీటీ మీద రాయాల్సింది మరి..."

"ఔలిస్," అన్నాడు తాపని ఓపిగ్గా, "మేం ఇక్కడ కథ చెబుతున్నాం. మధ్యలో లెక్కలు తేకు."

"పోనీ, బస్సు మాట ఉందా అందులో?"

"ఉంది," అన్నాడు మిస్కా. "'పౌరుడికీ పుస్తకానికీ మధ్య ఒకే ఒక్క క్లిక్.'"

"అంటే బస్సు ఉంటుందా?"

"బస్సు అన్న మాట వాడలేదండీ. అది వింటే డీజిల్ వాసన గుర్తొస్తోందని సర్వేలో తేలింది."

ఔలిస్ తాపని వైపు చూశాడు. తాపని దూరంగా ఎటో చూస్తున్నాడు. సాధన బాగా కుదిరింది.

ఇంతలో మిస్కా మొహం వాడిపోయింది. సైటును ఆ క్షణంలో ఎందరు చూస్తున్నారో చెప్పే అంకె పేజీ మధ్యలో ఉంది. అది మూడు.

"ఎవరా ముగ్గురు?" అన్నాడు తాపని.

"మీరు, నేను, మీ ఆవిడ."

"తీసెయ్."

"తీసేస్తే బోసిగా ఉంటుంది. ఒక మంచి అంకె వేసి బిగించేద్దాం. ఇక కదలదు."

"మరీ పెద్దది వద్దు. నాకు ఆడంబరం గిట్టదు. ఔలిస్, ఆ కాఫీ ఫ్లాస్కు ఇంకా ఇక్కడెందుకు? నేలమాళిగలో పెట్టు."

ఔలిస్ ఫ్లాస్కు పట్టుకెళ్లాడు. కానీ నేలమాళిగ దాకా పోలేదు. మర్నాడు కాళ్లు అలవాటుగా సంతకే నడిచాయి. బెంచీ మీద కూర్చుంటే జనం వచ్చారు, కాఫీ తాగారు, మోకాళ్ల సంగతి చెప్పారు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు గనక, ఆయన ప్రతివాళ్లకూ అదే చెప్పాడు:

"తాపనికి ఓటెయ్యండి. వివరాలన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయట."

"చూశానోయ్," అంది చేపలమ్మే కెర్తు. "మనవరాలు చూపించింది. ఎంత సులువుగా చేశారు. నాలాంటి దానికి కూడా తెలిసిపోయింది."

ఫలితాలు వచ్చాయి. ఔలిస్‌కి ఆరువందల పదకొండు ఓట్లు, పట్టణంలో మొదటి స్థానం. తాపనికి నాలుగు.

తాపని కోటు గుండీలైనా పెట్టుకోకుండా సంతకు వచ్చాడు.

"నిజం చెప్పు. నీ డిజిటల్ సలహాదారు ఎవరు?"

"నాకు ఇంట్లో కంప్యూటరే లేదు తాపనీ."

"దాచకు. ఆరువందల మందిని కాఫీతో పట్టావంటే నేను నమ్మాలా?"

కెర్తు బెంచీ చివర నుంచి జాలిగా చూసింది. "బాధపడకు బాబూ. నేను నీకే వేశాను. నీ సైటులో ఎలా ఉందో అచ్చం అలాగే."

తాపని ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రానికల్లా ఆ నాలుగు ఓట్లూ తామే వేశామని చెప్పినవాళ్లు రెండొందల మంది తేలారు.

మిస్కా తుది నివేదికలో వెబ్‌సైట్ అపూర్వ విజయం సాధించిందనీ, అభ్యర్థే దాన్ని అందుకోలేకపోయాడనీ రాశాడు. తాపని ఆ రెండో మాటను పెద్దమనసుతో ఒప్పుకున్నాడు.

కొత్త మండలి మొదటి సమావేశంలో గ్రంథాలయం బస్సు ఒక్క ఓటుతో బతికింది. ఆ ఓటు ఔలిస్‌ది.

గురువారం బస్సు మలుపు దగ్గర ఆగింది. హీటరు వెచ్చగా ఉంది. సిర్కా రెండు పుస్తకాలు ఒళ్లో పెట్టి, ఆ రోజుకి మాత్రం ఒక మాట అడిగింది.

"తాపని సైటు అందర్నీ చూడమన్నావు. నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు."

బస్సులో జనం కోసం పెట్టిన కంప్యూటర్ని ఆమె ఆయన వైపు తిప్పింది. తాపని ఇంకా మంచు మీద నడుస్తున్నాడు. 'ఈ క్షణంలో తాపనితో ఉన్నవారు' అని పైన రాసి ఉంది. కింద, అచ్చం ఓటుచీటీ మీద ఉండేలాంటి వలయం. అందులో నల్లగా, అరచెయ్యంత పెద్దగా: 47.

ఔలిస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మంచివాళ్లు," అంది సిర్కా. "ఓడిపోయినా ఒక్కరూ వదిలిపోలేదు."