నలభై ఏడో నంబరు నీలం

ఆదివారం పొద్దున గౌరయ్య పెట్టుకున్న పని ఒక్కటే. నమూనాలోని చెరువుకు కొత్త నీలం కొట్టడం. అరగంట పని. పదింటికి ప్లాట్లు కొనేవాళ్ల బస్సు వచ్చేలోపు ఆరిపోతుంది.

ఆ నమూనా మేడ్చల్ రోడ్డు మీది ‘జలదర్శిని’ వెంచర్ ఆఫీసులో, మంచమంత బల్ల మీద, గాజు మూత కింద ఉంటుంది. శామీర్‌పేట అవతల ఒక చెరువు, దాని ఒడ్డున నూట పన్నెండు అట్టముక్కల ఇళ్లు. అన్నిటినీ కోసి, అతికించి, రంగు వేసింది గౌరయ్యే. ఏడో తరగతి దాటని మనిషికి దేవుడు ఇళ్లు కట్టే రాత రాశాడు గానీ అట్టతో కట్టమని రాశాడు. మచ్చ బొల్లారంలో రెండు గదుల అద్దింట్లో ఉంటూ పాతికేళ్లుగా కడుతూనే ఉన్నాడు.

నలభై ఏడో నంబరు మాత్రం ఆయన సొంతం. భార్య శోభారాణి ఒంటి మీద పుస్తెలు తప్ప మిగతా బంగారమంతా కరిగితే వచ్చిన ప్లాటు. నమూనాలో ఆ ఇంటి ముందు అగ్గిపుల్ల ముక్కతో తులసికోట పెట్టాడు. మిగతా నూట పదకొండు ఇళ్లకూ పెట్టలేదు. పొద్దున బయలుదేరుతుంటే శోభారాణి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఊరోళ్ల ఇండ్లకన్నిటికి రంగులేస్తవ్. మనింటికి ఏం రంగో ఇప్పటికన్న జెప్పు."

"ముందుగాల పునాది వడనియ్యే," అని చెప్పులేసుకున్నాడు.

చంకలో కొత్త ఎయిర్ బ్రష్ పెట్టె. పాతదానికి ఒకటే బటన్. నొక్కితే గాలీ రంగూ కలిసి దూకేవి. అది రంగు కొట్టేది కాదు, తుమ్మేది. పోయిన నెల ఒక తెల్ల డాబా మీద ఎర్రగా తుమ్మింది. వెంచర్ ఓనర్ రాఘవేందర్ పదిమంది ముందర, "ఏందన్నా, ఇల్లు గట్టినవా, పాన్ ఉమ్మినవా?" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. మూడు వారాలు ఫోన్లో వీడియోలు చూశాడు. సూది మొన ఎంత సన్నముండాలి, రంగు గిన్నె పైనుండాలా కిందుండాలా అని తల బద్దలు కొట్టుకుని, వెంట్రుకంత గీత గీసేదాన్నే కొన్నాడు. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు.

"దీనికి గాలి శాన తక్కువ వెట్టాలె అన్నా. చిన్న కంప్రెసర్ గూడ దీస్కపో," అన్నాడు దాన్నమ్మిన షాపు పిలగాడు.

"గాలి గాలే గద తమ్మీ," అన్నాడు గౌరయ్య.

ఆయన గాలి ఎప్పుడూ ఆఫీసు పక్కనున్న పంక్చర్ షాపు నుంచే వచ్చేది. కిటికీలోంచి గొట్టం లాక్కునేవాడు. పాత బ్రష్ ఆ గాలికి దెబ్బలు తిని తిని మొద్దుబారింది. కొత్తది అప్పుడే కాపురానికొచ్చింది.

ఆ పొద్దున ముసురు పట్టింది. పంక్చర్ షాపు నర్సయ్య లారీ టైరుకు గాలి పడుతున్నాడు. గౌరయ్య గాజు మూత తీసి, గిన్నెలో నీలం పోసి, చెరువు నడుమకు గురిపెట్టి, పాత అలవాటున బటన్ బలంగా నొక్కి లాగాడు. బుస్సుమంది. చెరువుకు గట్టుందని లారీ టైరు గాలికేం తెలుసు? నీలం పొగలా లేచి గట్టు దాటింది. నలభై నుంచి యాభై మూడో నంబరు దాకా రోడ్లూ, పార్కూ, గడపలూ అన్నిటి మీదా సన్నగా, సమానంగా, ఎంతో అందంగా వాలింది. పాతదైతే చుక్కలు పడేవి, గోటితో గీకేసేవాడు. ఇది ఖరీదైంది కదా, పడ్డచోట పడ్డట్టే ఆరింది. తులసికోట నీలంగా నిలబడింది.

తడిగుడ్డతో తుడిస్తే మరకైంది. పైన ఆకుపచ్చ కొడితే అచ్చం నీళ్లలో గుర్రపుడెక్క పెరిగినట్టయింది. ఇంకొంచెం కొడితే ఇంకొంచెం పెరిగింది.

అంతలో బస్సు రానే వచ్చింది. రాఘవేందర్ నమూనా చూసి, "గిదేందన్నా?" అని పళ్లు నూరాడు. వెనకాలే ఇరవై మంది. కానీ అది పదిహేనేళ్లుగా ప్లాట్లమ్మిన నోరు, ఎంతసేపు మూతపడుతుంది?

"సూడుండ్రి సార్, నీటి తోట! గడప కాడికే పచ్చదనం. ఫారిన్ డిజైన్!"

జనం ఫోన్లు తీసి ఫోటోలు కొట్టారు. కళ్లద్దాల రిటైర్డ్ పంతులు ఒకాయన ముందుకొచ్చి, "నాకు నీటి తోటలదే గావాలె. నలభై అయిదు ఖాళీ ఉన్నదా?" అన్నాడు. గౌరయ్యకు ప్రాణం లేచొచ్చింది. యాభై ఏళ్ల బతుకులో ఆయన తప్పుకు గిరాకీ రావడం అదే మొదలు.

అప్పుడు జంగమ్మ టీ తెచ్చింది. ఆఫీసు ఊడ్చే మనిషి. ఆ చెరువులోనే చేపలు పట్టే ఇంటి కోడలు. ట్రే పట్టుకునే నమూనా మీదికి వంగింది. ముఖం వెలిగిపోయింది.

"అబ్బ! గిన్నొద్దులకు సక్కగ ఏసిండ్రు సారూ. మొన్నటిదాంక సెరువు గింతనే ఉండె. తప్పని జెప్తె ఏమనుకుంటరో అని నేనే ఊకున్న. వానకాలం నీళ్లు గీడిదాంకనే వస్తయి. గుర్రపుడెక్క సుత గీడనే."

"నిజమేనా అమ్మా?" అన్నాడు పంతులు.

"అబద్ధమాడితె నాకేమొస్తది? పోయినేడు గీ యాభై మూడు కాడ్నే మా తెప్ప గట్టేసినం."

"జంగమ్మా, జర లోపలికి వో," అన్నాడు రాఘవేందర్.

"ఉండుండ్రి సారూ, మెచ్చుకోనీయుండ్రి. గీ గౌరన్న శెయ్యి మంచిది."

కప్పుల్లో టీ సగం సగం ఉండగానే బస్సు నిండిపోయింది. పంతులు గొడుగు కూడా మరిచిపోయాడు.

రాఘవేందర్ కుర్చీలో కూలబడ్డాడు. "నోట్ల మన్ను గొట్టినవ్ గదనే. గా తుమ్ముడు బ్రషే నయముండె."

గౌరయ్యకు ఆ తిట్టు చెవినెక్కలేదు. "సార్, నాది గూడ నలభై ఏడు," అన్నాడు.

"ఎర్కనే," అన్నాడు రాఘవేందర్, తల ఎత్తకుండానే. "అందుకే గద నీకు సగం రేటుకిచ్చిన."

గౌరయ్య జంగమ్మ వైపు తిరిగాడు. ఆ ఆఫీసులో అబద్ధం చెప్పని మనిషి ఆమె ఒక్కతే. ఈ ఒక్కసారికి చెబితే బాగుండునని ఆశపడ్డాడు. నీలం తులసికోట మీద వేలు పెట్టాడు.

"జంగమ్మా, గీడ ఎట్లుంటది?"

ఆమె కళ్లు చికిలించి చూసింది. "గీడనా? మస్తుంటదన్నా. కొర్రమీను వడేదే గీడ."

జేబులో ఫోన్ మోగింది. శోభారాణి.

"ఏందయ్యా, పనైందా? పొద్దుగాల అడిగితె జెప్పకనే పోతివి. మనింటికి ఏం రంగు?"

"నీలం," అన్నాడు గౌరయ్య. "ఒక కోటు ఇయ్యాల్నే ఏసిన."