పుల్లమ్మ ఇంటికి పెద్దమ్మ వచ్చింది

1959లో ఒక ఉదయం డాక్టర్ వరప్రసాదరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. నందిగామలో జిల్లా అధికారిణి భారతీదేవిని బస్సెక్కించుకుని, తన ఊరి ఆరోగ్య కేంద్రం దగ్గర దింపి, తన ముగ్గురు విద్యార్థులను చూపించడం. డాక్టరీ చదివే కుటుంబరావు, నర్సు చదువు చదివే కృపావతి, సంఘసేవ నేర్చుకునే తాయారు. ముగ్గురూ ఒకేచోట, ఒకరి పని ఒకరికి తెలిసేలా చదవాలని ఆయన పట్టుదల. పైవాళ్ళకది పిచ్చిగా తోచింది. భారతీదేవి పెదవి విరిస్తే ఆ సాయంత్రమే ముగ్గురూ మూటాముల్లె సర్దుకోవాలి.

ఆయన అటు వెళ్ళగానే ముగ్గురూ ఇళ్ళు చూడటానికి బయల్దేరారు. మొదటి ఇల్లు పుల్లమ్మది.

"అందరూ బావున్నారా పిన్నిగారూ?" అంది తాయారు.

"ఏం బావుండటంలేమ్మా. ఇంటికి పెద్దమ్మ వచ్చింది. ఒళ్ళు కాలిపోతంది. దగ్గరికి రావద్దంటంది."

ముగ్గురూ తెల్లబోయారు. మశూచిని ఆ వైపు ఎవరూ పేరుపెట్టి పిలవరు, భయంకొద్దీ పెద్దమ్మ అంటారు. కుటుంబరావు లోపలికి వెళ్ళబోతే కృపావతి అడ్డం నిలబడింది.

"టీకా వేయించుకుని ఎన్నేళ్ళయిందండి?"

"చిన్నప్పుడెప్పుడో."

"అయితే ముందు టీకా. తర్వాతే గడప."

డాక్టరు కాబోయేవాడు నర్సు కాబోయే పిల్ల మాట విన్నాడు. అది చూసి మురిసిపోవలసిన వరప్రసాదరావు ఆ సమయానికి నందిగామలో బస్సు కోసం చూస్తున్నాడు.

తాయారు వీధి వీధీ తిరిగి చెప్పింది. పుల్లమ్మ వాకిట్లోనే కుటుంబరావు టీకా కోసం చొక్కా చెయ్యి మడిచేసరికి ఊరంతా వెనక బారులు తీరింది. టీకాల మాటెత్తితే జొన్నచేలో దాక్కునే జనమే వీళ్ళంతా. ఇక వాళ్ళందరికీ టీకాలు వేస్తూ అతను అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. క్రైస్తవుల ఇల్లని కూడా చూడకుండా ఎవరో పుల్లమ్మ గుమ్మానికి వేపమండలు కట్టారు. ఊరి కాపలాదారు ఇశ్రాయేలు రోడ్డెక్కి, వచ్చే బస్సుకు ఎదురెళ్ళి చేతులూపాడు.

"ఊళ్ళో పెద్దమ్మ ఉంది. ఆపమాకండి."

డ్రైవరు వేగం పెంచాడు.

"ఆపవయ్యా, అదే మా కేంద్రం," అన్నాడు బస్సులో ఉన్న వరప్రసాదరావు.

"మీకు డ్యూటీ ఉందండి. నాకు పిల్లలున్నారు."

బస్సు జగ్గయ్యపేటలో గానీ ఆగలేదు. దారి పొడుగునా భారతీదేవి గడియారం చూసుకుంటూనే ఉంది. చూసుకున్న ప్రతిసారీ ఆయనకు భయమేసింది. తిరుగు బస్సు దొరక్క సున్నపురాళ్ళ లారీలో వచ్చి, తెల్లటి దుమ్ముతో దిగారిద్దరూ.

"రోగిని చూసిందెవరు?" అందావిడ.

వేపమండలు తప్పించుకుంటూ ఒక ముసలమ్మ బయటికొచ్చింది.

"ఏమైంది బిడ్డా, గింత మంది? నేను పుల్లమ్మ తల్లికి అక్కను. కోదాడ నుంచొచ్చిన. జెర పడిశం పట్టి జొరమొచ్చింది."

వరప్రసాదరావు అరుగు మీద కూలబడ్డాడు.

"తప్పెవరిది?" అంది భారతీదేవి.

"నాదండి. చూడకుండా నమ్మా," అన్నాడు కుటుంబరావు.

"ఆయన్ని ఆపింది నేనండి," అంది కృపావతి.

"ఎవరి పెద్దమ్మని అడగంది నేనండి," అంది తాయారు.

భారతీదేవి ముగ్గురినీ చూసింది. ఇంకా తరగని బారును చూసింది.

"నేను చూసిన ప్రతి ఆస్పత్రిలోనూ తప్పు పక్కవాళ్ళదే. తప్పు నాదంటూ ముగ్గురు పోటీపడటం ఇక్కడే చూశా. డాక్టరుగారూ, ఈ చదువు సాగనివ్వండి. కాస్త ప్రశ్నలడగటం కూడా నేర్పండి."

అని దుమ్ము దులుపుకుని, తనూ వెళ్ళి బారులో నిలబడింది. వరప్రసాదరావు కళ్ళు తుడుచుకుని, సున్నం దుమ్మని చెప్పాడు.

పెద్దమ్మ మాత్రం కోదాడ తిరిగి వెళ్ళి, తానొచ్చానని నందిగామ బస్సులు కూడా ఆగలేదని ఇంటింటికీ చెప్పుకుంది.